భావప్రసార శాస్త్రము: విశ్వవిద్యాలయములలో దాని స్థానము

'కమ్యూనికేషన్' అను పేర విశ్వవిద్యాలయములలో పట్టపరీక్షకు బోధింపబడుచున్న విషయమును ఈ వ్యాసమున భావప్రసార శాస్త్రమని వ్యవహరింతము. ఇది సాహిత్యమా, పత్రికారచనయా, సాంఘికశాస్త్రమా యను సందేహము తఱచుగ వినవచ్చును. ఏ విషయమైనను ప్రత్యేకశాస్త్రముగ నిలువవలెనన్న దానికి తనదైన ప్రశ్న యొకటి యుండవలెను. అట్టి ప్రశ్న దీనికి గలదా యని పరిశీలించుటయే యీ వ్యాసోద్దేశము.

ఈ శాస్త్రమునకు ముఖ్యముగ రెండు మూలములు గలవు. మొదటిది వక్తృత్వవిద్య. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దియందే అరిస్టాటిల్ వక్త, విషయము, శ్రోత యను మూడంగములను పేర్కొని, ప్రసంగప్రయోజనము శ్రోతపై నాధారపడి యుండునని చెప్పెను. అమెరికాలో ఈ విద్య ఆంగ్లసాహిత్యశాఖలకు ఉపాంగముగ నుండగా, 1914లో పదునేడుగురు అధ్యాపకులు ఆంగ్లోపాధ్యాయసంఘము నుండి విడివడి వేఱొక సంఘము నేర్పఱచుకొనిరి. రెండవ మూలము పత్రికావిద్య. 1908లో మిస్సోరీ విశ్వవిద్యాలయమున ఇందులకై ప్రత్యేకకళాశాల వెలసినది. అవిభక్తభారతమున 1941లో లాహోరునందలి పంజాబు విశ్వవిద్యాలయమునను, తరువాత 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునను పత్రికారచనాశాఖ లేర్పడినవి.

ఈ విద్యకు సిద్ధాంతబలము చేకూర్చిన సంవత్సరము 1948. ఎవరు, ఏమి, ఏ మార్గమున, ఎవరికి చెప్పిరి, ఫలితమేమి యను అయిదు ప్రశ్నలను హెరాల్డ్ లాస్వెల్ ఆ యేట ప్రతిపాదించెను. అదే యేట క్లాడ్ షానన్ సందేశము గ్రాహకమును చేరు విధమును, నడుమ గలుగు అలజడిని గణితమున నిరూపించెను. అయితే అర్థవిచారము తన సమస్యలో చేరదని ఆయనయే స్పష్టపఱచెను. అక్షర మొక్కటియు పోక చేరినను భావము చేరకపోవచ్చును గదా!

అర్థవిచారము మనకు క్రొత్త కాదు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యనువానిచే వాక్యార్థము తెలియునని మన శాస్త్రకారులు నిర్ణయించిరి. ప్రొద్దు గ్రుంకినదను మాటయే పసులకాపరికి మందను మఱల్చుమనియు, వైదికునకు సంధ్య వార్చుమనియు తోచునని ఆలంకారికులు చూపిరి. ఐనను ఒక భేదము గలదు. ఆలంకారికులు సహృదయుని దృష్టియం దుంచుకొని రసధ్వనులను విచారించిరి. భావప్రసార శాస్త్రమునకు శ్రోత నెన్నుకొను స్వేచ్ఛ లేదు. అపార్థము చేసికొన్నవాడును, అసలు విననివాడును దానికి పరిశీలనీయులే.

ఒక యుదాహరణమును గైకొందము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము తొలిసంపుటము వ్యవసాయపదములను ఆయా ప్రాంతముల నుండి సేకరించి చూపినది. ఒకే పనిముట్టునకు ప్రాంతమునకొక పేరుండుట అందు కాననగును. ఆ పదములను సేకరించి వర్గీకరించుట భాషాశాస్త్రము పని. అందొక పదమును గ్రహించి రేడియోలో సేద్యమును గూర్చి ప్రసంగించినపుడు, వేఱొక ప్రాంతపు రైతు దానిని ఏమని గ్రహించెను, గ్రహించి ఏమి చేసెను అని విచారించుట భావప్రసార శాస్త్రము పని. ప్రసంగము ముగిసిన పిదప దానిని రైతుచే అతని మాటలలోనే మఱల చెప్పించి పోల్చిచూచుట ఇందుకొక సులభమైన పరిశోధనమార్గము.

కావున ఈ శాస్త్రమునకు తనదైన ప్రశ్న కలదు: చెప్పినదానికిని గ్రహింపబడినదానికిని నడుమ నున్న యంతర మెంత, అది యేల కలిగినది? ఈ ప్రశ్నను విడిచి, యంత్రముల వాడుకను మాత్రమే నేర్పినచో పట్టవిద్య వట్టి వృత్తిశిక్షణగ మిగులును. యంత్రములు శాశ్వతములు కావు. మన దేశమున తంతివార్తల సేవయే 2013లో ముగిసినది. ప్రశ్న మాత్రము నిలిచియున్నది. దానికి తెలుగుదేశమున సమాధానము వెదకువానికి తెలుగు మాండలికముల జ్ఞానము తప్పనిసరి. అందుచే తెలుగుశాఖలు ఈ శాస్త్రమును పోటీగ భావింపక, తమ సొత్తైన పదసంపదను, అర్థవిచారమును దాని కందించుట యుక్తము.