నల్లరేగడి నేలలో ఇంటి పునాదుల రక్షణ



వైశాఖ జ్యేష్ఠ మాసములలో మన రేగడి పొలములు నోరు తెఱచియుండుట మీరెఱుగనిది కాదు. ఆ నెఱ్ఱెలలో గడ్డపార సగమునకు పైగా దిగిపోవును. తొలకరి కురియగనే అదే నేల ఉబ్బి, నెఱ్ఱెలు పూడి, బంకవలె కాలికంటుకొనును. తేమను పట్టి యుంచు ఈ మన్ను వలననే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మెట్టలలో వాన వెనుకబడినను ప్రత్తియు మిరపయు కొన్నాళ్లు తట్టుకొనుచున్నవి. కాని పైరునకు మేలు చేయు ఆ మన్నే ఇంటికి కీడు చేయుచున్నది. “గోడ మరల బీటవారినది, ఈ యేడును సిమెంటు పూయింతునా?” అని నన్నడుగు సభ్యులు అనేకులు. బీట రోగము కాదు, రోగలక్షణము మాత్రమే. రోగము నీటిలో నున్నది. ఈ సంగతిని వివరించుటకే ఈ వ్యాసము.

కారణము

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైటు అను ఖనిజము విశేషముగా కలదు. అది పుస్తకపు పుటలవలె పొరలు పొరలుగా నుండును. పొరల నడుమ నీరు చొచ్చినప్పుడు మన్ను ఉబ్బును; నీరు పోయినప్పుడు కుదించుకొనును. లోతైన రేగడిలో ఈ మార్పు సుమారు 11, 12 అడుగుల వఱకు సాగును. మన పాత యిండ్ల పునాదులు మూడు నాలుగడుగులకు మించవు. కనుక అవి కదలెడి నేలపైననే కూర్చున్నవి.

నేల అంతయు సమానముగా లేచి సమానముగా దిగినచో ఇంటికి హాని స్వల్పము. కాని ఇంటి నడుమ నేలను గచ్చు కప్పియుండుటచే అక్కడ తేమ నిలుచును; అంచుల నేల ఎండకు ఎండి వానకు తడియును. ఒక మూల జలదారి నీరు నిలుచును. వేఱొక మూల వేపచెట్టు నేలలోని తేమను పీల్చును. ఒకచోట లేచి ఒకచోట దిగిన పునాదిపై గోడ నిలువజాలక పగులును. పెద్ద మేడలకంటె తేలికయైన ఒంటి అంతస్తు ఇండ్లకే ఈ బాధ మెండు. ఉబ్బెడి మన్నును అణచియుంచునంత బరువు వానికి లేదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట, కాలువ క్రింది గ్రామములలో తడిసెడి కాలమును ఎండెడి కాలమును మునుపటివలె లేవు. పాత యిండ్ల విషయమున దీనిని గూడ తలపవలయును.

పరీక్ష

బీట పైన వెడల్పుగాను, క్రింద సన్నముగాను ఉన్నచో గోడ చివర దిగినదనియో, నడుము లేచినదనియో గ్రహింపవచ్చును. క్రింద వెడల్పై పైన సన్నమైనచో నడుము దిగినదో, చివరలు లేచినవో అయియుండును. బీటకు అడ్డముగా సన్నని గాజుముక్క నొకదానిని రెండు చివరలను సిమెంటుతో అతికి, ప్రక్కన తేదీ వ్రాయుడు. జ్యేష్ఠము మొదలు మరల జ్యేష్ఠము వఱకు కనిపెట్టుడు. గాజు విఱిగినచో కదలిక ఆగలేదని యర్థము. అట్టి బీటను పూడ్చుట ధనము వృథా చేయుటయే.

మా తండ్రిగారి యింట ఇట్లే జరిగినది. మూడు సంక్రాంతులకు మూడుమార్లు పూత పూయించిరి. మూడు వేసవులలోను బీట తెఱచుకొనెను. తుదకు చూడగా స్నానపు నీరు ఆ మూలనే ఇంకుచుండెను. కాలువ కట్టి నీటిని దూరముగా మరల్చి, గోడ చుట్టును గచ్చు వేసిన పిమ్మట, రెండేండ్లు గాజు విఱుగలేదు. అప్పుడు పూడ్చిన బీట నేటికిని తెఱచుకొనలేదు. మూడు పూతల ఖర్చు ఆ కాలువ ఖర్చును మించినది.

చికిత్సాక్రమము

మొదటిది నీరు. చూరునీరు, జలదారి, కుడితితొట్టి, బోరింగు నీరు గోడకు దూరముగా పోవలయును. ఇంటి చుట్టును ఐదాఱడుగుల వెడల్పున రేగడిని అడుగు లోతు తీసి, గరుసు మన్నుతో దిమ్మెస చేసి, పైన వెలుపలికి వాలుగా గచ్చు వేయవలయును. గచ్చు గోడను కలియు చోట సందు విడువరాదు. ఆ గుంటను వట్టి ఇసుకతో నింపుట పొరపాటు. చుట్టును రేగడి యుండగా ఇసుక గుంట నీటిని పట్టి యుంచు తొట్టివలె నగును.

రెండవది చెట్టు. చెట్టు పెరిగి ఎంత యెత్తగునో కనీసము అంత దూరమున నాటవలయును. గోడప్రక్కనున్న ముదురు చెట్టును ఒక్కమాఱు కొట్టివేయరాదు. అది పీల్చెడి తేమ నేలలో నిలిచి మన్ను ఉబ్బును. కొమ్మలను క్రమముగా తగ్గింపుడు.

మూడవది పునాదిని లోతునకు దింపుట. పై రెండును చేసినను కదలిక ఆగనిచో దీనికి పూనవలయును. ఇది ఇంజనీరు పర్యవేక్షణలో వేసవియందు చేయవలసిన పని. గోడకు ఊతములు నిలిపి, మూడు నాలుగడుగుల తునకలుగా, నడుమ తావులు విడిచి త్రవ్వి, కదలని సుద్దగాని గరుసుగాని తగులు వఱకు పోయి కాంక్రీటు పోయవలయును. అది గట్టిపడిన తరువాతనే ప్రక్క తునకను ముట్టవలెను. పునాది పొడవునను ఒక్కసారి త్రవ్విన గోడ కూలి మనుష్యుల ప్రాణములు పోవును.

క్రొత్తగా కట్టువారు బేస్‌మెంటును ఎత్తుచేసినంతనే చాలునని తలంపరాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ వారు ఇట్టి నేలలకై అడుగున గుండ్రముగా ఉబ్బిన కాంక్రీటు స్తంభములను రూపొందించిరి. సుమారు పదకొండున్నర అడుగుల లోతున, స్తంభపు వెడల్పునకు రెండున్నర రెట్లు గల ఆ ఉబ్బు, కదలని నేలలో లంగరువలె పట్టును. పైదూలము క్రింద మూడంగుళముల సందు విడిచినచో, నేల లేచినను దూలమును తాకదు.

అపాయ సూచనలు

గోడ వెలుపలికి పొంగినను, దూలపు చివర గోడనుండి జారుచున్నను ఆ గదిని వెంటనే ఖాళీ చేయుడు. అట్టి గోడకు మిరప టిక్కీలను గాని ప్రత్తి బోరెములను గాని ఆనించి పేర్చకుడు.

కడపటి మాట. ఒకని జలదారి నీరు పొరుగువాని గోడమూలను తడుపును. వీథికంతకును కాలువ లేనిదే ఒక్క యిల్లు బాగుపడుట దుర్లభము. కనుక బీట పూడ్చుటకు అప్పు కోరుటకు ముందు, వీథివారందఱు కూడి మురుగు పోవు దారిని ఏర్పఱచుకొనుడు. పదుగురు కలిసి పదిండ్లను నిలుపుకొనుటకంటె మించిన సహకారమేమున్నది?