పొత్తిగుడ్డలు

మన ఇళ్లలో చాలాచోట్ల పుట్టిన బిడ్డకు మొదట కట్టేది కొత్త బట్ట కాదు, పాత గుడ్డ. అమ్మమ్మ చీరో, తాతయ్య పంచెనో చింపి, ఉతికి, ఎండలో ఆరవేసి, మడిచి పెట్టెలో దాచి ఉంచుతారు. పురిటి రోజున ఆ మూట బయటికి వస్తుంది. వాటినే పొత్తిగుడ్డలు అంటాం. వాటిలో బిడ్డను చుట్టేవి కొన్ని, బిడ్డ కింద పరిచేవి కొన్ని, మొలకు కట్టేవి కొన్ని. మొలకు కట్టే గుడ్డలను ఎలా కుట్టాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. సూది, దారం, కత్తెర, ఒక పాత నూలుచీర ఉంటే చాలు. మీరే కుట్టవచ్చు.

మా అక్క పురిటికి ఇంటికి వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది బరంపురం. ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే వినబడుతుంది. బిడ్డకు గుడ్డలు నేనే కుడతానని అన్నాను. “మగపిల్లాడివి, నీకెందుకురా ఈ పని?” అని నాన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే సూదుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

నేను పాత గుడ్డను ఆరు పొరలుగా పరచి, అడ్డంగా, నిలువుగా దగ్గర దగ్గరగా కుట్లు వేసి, బొంతలాగా గట్టిగా కుట్టాను. అలాంటివి పన్నెండు తయారుచేశాను. ఎంత తడినైనా పీలుస్తాయని నా ధీమా. పీల్చాయి కూడా. కాని బిడ్డ శ్రావణంలో పుట్టాడు. బయట వదలని ముసురు. వసారాలో దండెం మీద ఆరవేసిన గుడ్డ పైన ఆరినట్లే కనబడేది, నడుమ మాత్రం తడి అలాగే ఉండేది. రెండు రోజులకే పన్నెండూ దండెం ఎక్కాయి. గుడ్డలన్నీ ముక్కిన వాసన వేశాయి. ఆరిందనుకొని కట్టిన గుడ్డ వల్ల బిడ్డ తొడల సందున చర్మం ఎర్రగా కమిలిపోయింది. అక్క నన్ను ఏమీ అనలేదు. ఒక మాట అని ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

ఆ సాయంత్రం పక్కింటి మావుసీ వచ్చింది. ఒడియావాళ్లు పిన్నిని అలా పిలుస్తారు. ఆమె దండెం మీది గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసి, “ఇది కంథా, బాబూ. పడుకోడానికి. కట్టుకోడానికి కాదు” అన్నది వచ్చీరాని తెలుగులో. మనం బొంత అనేదాన్నే ఒడియావాళ్లు కంథా అంటారు. కన్నడంలో అది కౌది, మరాఠీలో గోధడి. ఏ పేరుతో పిలిచినా పాత చీరల పొరలను కలిపి కుట్టడమే ఆ పని. పసిబిడ్డ కింద పరచడానికి దానికి మించినది లేదు. మొలకు కట్టడానికి అది పనికిరాదు.

ఎందుకని? మొలగుడ్డకు రెండు పనులున్నాయి. ఒంటి మీద ఉన్నప్పుడు అది తడిని పీల్చుకోవాలి. దండెం మీద ఉన్నప్పుడు అదే తడిని తొందరగా వదిలిపెట్టాలి. పొరలు ఎక్కువైతే మొదటి పని బాగా జరుగుతుంది. పొరలు తక్కువైతే రెండో పని బాగా జరుగుతుంది. పొరలను కలిపి కుట్టేస్తే మళ్లీ విడదీయలేము. కనుక గుడ్డను పలచగా కుట్టుకొని, కట్టేటప్పుడు మడిచి పొరలు చేసుకోవాలి. ఉతికాక మడత విప్పి ఆరవేయాలి. నాకు తెలియనిది, మావుసీ రెండు వేళ్లతో నొక్కి తెలుసుకున్నది ఇదే.

ఇక గుడ్డ సంగతి. మా ఊరు పట్టుచీరల నేతకు పేరు పొందినది. కాని ఈ పనికి పట్టు అక్కరకు రాదు. నూలుగుడ్డే కావాలి. నూలుపోగు నీటిని తనలోకి తీసుకుంటుంది. పాలియెస్టరు పోగు తీసుకోదు, నీరు పోగుల సందుల్లో నిలిచి ఉంటుంది, అంతే. ఏది నూలో తెలియకపోతే గుడ్డ మీద ఒక చుక్క నీరు వేసి చూడండి. బాగా ఉతికిన నూలుగుడ్డ మీద చుక్క వెంటనే పరుచుకుంటుంది. పాలియెస్టరు మీద చాలాసార్లు అది పూసలాగా నిలబడుతుంది. ఇంకా అనుమానం ఉంటే గుడ్డనుంచి ఒక పోగు లాగి పెద్దవాళ్ల ఎదుట కాల్చి చూడవచ్చు. నూలుపోగు కాగితంలాగా కాలి బూడిద అవుతుంది. పాలియెస్టరు పోగు కరిగి గట్టి ఉండ కడుతుంది.

నూలులో కూడా పాతదే మేలని పెద్దలు ఊరికే అనలేదు. నేసేటప్పుడు పోగులు తెగకుండా నేతగాళ్లు పడుగుకు గంజి పెడతారు. దూదికి సహజంగా ఉండే మైనంవంటి జిడ్డు కూడా పోగుల మీద కొంత మిగలవచ్చు. అందుచేత కొత్త గుడ్డ నీటిని త్వరగా లోపలికి రానివ్వదు, ఒంటికి గరుకుగా కూడా తగులుతుంది. ఉతికినకొద్దీ గంజి, జిడ్డు పోతాయి, పోగులు మెత్తబడతాయి. పదేళ్లు కట్టిన చీర ఈ పని కోసమే తయారైనట్లు ఉంటుంది. అయితే పట్టుకొని లాగితే పిగిలిపోయేంత జీర్ణించిన గుడ్డ వద్దు. జరీ అంచు ఉంటే కత్తిరించి తీసివేయాలి, అది గీసుకుంటుంది.

ఇప్పుడు కుట్టుదాం. చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, వెడల్పు సుమారు 110 సెంటీమీటర్లు ఉందనుకోండి. పొడవు వెంట ప్రతి 55 సెంటీమీటర్లకు, అంటే సుమారు మూరా బెత్తెడుకు, సుద్దతో ఒక గుర్తు పెట్టండి. గుర్తు దగ్గర కత్తెరతో అంగుళం మేర కత్తిరించి, రెండు చేతులతో పట్టుకొని చింపండి. నూలుగుడ్డ పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. కత్తెరతో అంత తిన్నగా కత్తిరించడం అలవాటు లేనివారికి కష్టం. ఇలా చీర నుంచి పది ముక్కలు వస్తాయి. పైటచెంగు బాగా నలిగి ఉంటే ఒకటి తగ్గుతుంది.

ఒక ముక్కను తీసుకొని వెడల్పు సగం అయ్యేటట్లు మడవండి. 55 సెంటీమీటర్ల చదరం వస్తుంది. దానికి రెండే పొరలు. నాలుగు పక్కలనూ ఒకసారి పరిశీలించండి. ఒక పక్క మడత ఉంది. దానికి ఎదురుగా చీర రెండు అంచులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మగ్గం మీద నేసిన అంచు పోగులు ఊడదు. కనుక ఆ రెండు పక్కలా కుట్టు అక్కరలేదు. చింపిన పక్కలు రెండే మిగిలాయి. కుట్టవలసింది వాటినే.

చింపిన పక్కను అలాగే ఒక కుట్టుతో వదిలేస్తే నాలుగు ఉతుకులకు పోగులు వేలాడతాయి. ఊడిన పోగు చూడడానికి చిన్నదే. అది పసిబిడ్డ కాలివేలికి చుట్టుకొని బిగిస్తే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. బిడ్డ ఏడుస్తాడు గాని ఎందుకో చెప్పలేడు. కారణం తెలియకుండా బిడ్డ ఏడుపు ఆపకపోతే కాలివేళ్లు, చేతివేళ్లు చూడమని వైద్యులు చెప్పేది ఇందుకే. కాబట్టి చింపిన అంచు లోపల మూసుకుపోయేటట్లు రెండుసార్లు కుట్టాలి. మొదట గుడ్డ మంచివైపు పైకి ఉండగా చింపిన అంచుకు అర సెంటీమీటరు లోపలగా కుట్టండి. మిగిలిన పోగులను కత్తెరతో కత్తిరించండి. తరవాత గుడ్డను దిండు గలీబును తిప్పినట్లు లోపలివైపు బయటికి తిప్పి, మొదటి కుట్టును మూసేటట్లు ఒక సెంటీమీటరు లోపలగా మళ్లీ కుట్టండి. ఇంకొకసారి తిప్పితే మంచివైపు పైకి వస్తుంది, కుట్లన్నీ లోపలికి పోతాయి.

దారం నూలుదే అయి ఉండాలి. నైలాను దారం పాత గుడ్డను కోసేస్తుంది. ఒంటిపేట చాలు. సెంటీమీటరుకు రెండు మూడు కుట్లు పడాలి. కుట్టు మొదట్లో, చివర ముడి వేయకుండా అదే చోట మూడుసార్లు వెనక్కి కుట్టండి. ముడి ఎంత చిన్నదైనా బిడ్డ ఒంటికి గులకరాయే. పని అయ్యాక సూదులు లెక్కపెట్టి డబ్బాలో పెట్టండి. నేను ఆ రోజు ఒక సూది కోసం ఇల్లంతా వెతికాను. చివరికి అది నా చొక్కా జేబుకే గుచ్చి ఉంది.

అంచుల పక్కను మూయలేదు కదా! అది సంచి మూతిలాగా తెరిచి ఉంటుంది. రాత్రివేళ మరింత తడి పీల్చడానికి పాత లుంగీ ముక్కనో, తువ్వాలు ముక్కనో జానెడు వెడల్పున మడిచి ఆ మూతిలోనుంచి లోపలికి దూర్చవచ్చు. ఉతికేటప్పుడు తీసేయవచ్చు. ఆరేటప్పుడు గాలి లోపలికి ఆడుతుంది. ఈ పద్ధతి మావుసీ చూపినదే.

కట్టడం తేలిక. చదరాన్ని మూలకు మూల కలిపి ముక్కోణంగా మడవండి. ఇప్పుడు నాలుగు పొరలయ్యాయి. పొడుగు అంచు బిడ్డ నడుము కింద ఉండాలి. కింది కొనను కాళ్ల మధ్యనుంచి పొట్ట మీదికి తెచ్చి, రెండు పక్కల కొనలను దాని మీదికి మడిచి, అదే గుడ్డతో చేసిన మెత్తని బద్దీతో ముడి వేయాలి. వెనుకటివాళ్లు మొలతాడుకు గోచీలాగా దోపేవారు. 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన పిన్నీసుకు పేటెంటు పొందాక చాలా దేశాల్లో దానితో కట్టడం అలవాటయింది. పిన్నీసు పెట్టవలసి వస్తే గుడ్డకూ బిడ్డ ఒంటికీ మధ్య మన వేళ్లు అడ్డు పెట్టి గుచ్చాలి. నా మటుకు నేను బద్దీనే నమ్ముతాను. ముడికీ పొట్టకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. బొడ్డు ఊడేదాకా గుడ్డ బొడ్డుకు కిందే ఉండాలి. కాళ్లు చాపి బిగించి కట్టకూడదు. పసిబిడ్డ కాళ్లు కప్పకాళ్లలాగా మడిచి, ఎడంగా పెట్టుకుంటాడు. తుంటి కీలు సరిగా ఎదగడానికి అదే మంచిది.

తడిసిన గుడ్డను వెంటనే మార్చాలి. తడిలో నానిన చర్మం మెత్తబడి త్వరగా ఒరుసుకుంటుంది. మూత్రం మలంతో కలిసినప్పుడు అమ్మోనియా పుట్టి చర్మాన్ని మండిస్తుంది. పసిబిడ్డ మలంలో దోషం లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. విరేచనాలు తెచ్చే క్రిములు అందులోనూ ఉండవచ్చు. దాన్ని మరుగుదొడ్డిలో పారబోసి, గుడ్డను విడిగా నానబెట్టి, సబ్బుతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. ఆ తరవాత మన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గుడ్డలకు గంజి పెట్టకూడదు. మెత్తదనం కోసం అమ్మే ద్రవాలు కూడా వద్దు, అవి పోగుల మీద పూతలాగా నిలిచి పీల్చే గుణాన్ని తగ్గిస్తాయి. ఎండ ఉంటే ఎండలోనే ఆరవేయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రిములను చంపుతాయి. ముసురు రోజుల్లో ఇస్త్రీపెట్టె సాయం చేస్తుంది.

గుడ్డలు ఎన్ని కావాలి? రోజుకు పది, పన్నెండు మారుతాయి. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పట్టవచ్చు. కాబట్టి ముప్ఫయి ఉంటే దిగులు లేదు. మూడు చీరలు సరిపోతాయి.

గుడ్డలు మార్చేవారికి ఇంకొక సంగతి కూడా తెలుస్తుంది. తల్లిపాలే తాగే బిడ్డ పుట్టిన అయిదారు రోజుల తరవాత రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడిపితే పాలు చాలుతున్నాయని గుర్తు. అంతకన్నా తక్కువైతే, మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఆలస్యం చేయకుండా ఆరోగ్య కార్యకర్తకో, డాక్టరుకో చెప్పాలి. మా అక్క తడిసిన గుడ్డలను బకెట్లో వేసేటప్పుడు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నాన్నమ్మకు ఆ గీతలు నచ్చలేదు, కాని ప్రతి సాయంత్రం లెక్కపెట్టేది మాత్రం ఆమే.

నేడు అంగట్లో వాడి పారవేసే డైపర్లు దొరుకుతున్నాయి. వాటి లోపల సోడియం పాలీఅక్రిలేట్ అనే గుళికలు ఉంటాయి. అవి తడిని పీల్చి జావలాగా ఉబ్బుతాయి. కనుక పైపొర పొడిగా తోస్తుంది. ప్రయాణాల్లో, ఆసుపత్రిలో అవి ఉపయోగమే. కాని తడి తెలియక గంటల తరబడి మార్చకుండా ఉంచేవారు ఉన్నారు. పైగా రోజూ కొనాలి, రోజూ పారవేయాలి. వాటిని విడిగా చుట్టి చెత్తవారికి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. మురుగుకాలువలో వేయడం మాత్రం ఎన్నటికీ తగదు.

మావుసీ చెప్పినట్లు నేను మళ్లీ కుట్టిన గుడ్డలు ఒక్క రాత్రిలో ఆరాయి. గుడ్డ తరచుగా మార్చడం, కొంతసేపు గుడ్డ కట్టకుండా ఒంటికి గాలి తగలనివ్వడం వల్ల నాలుగు రోజుల్లో బిడ్డ తొడల ఎరుపు తగ్గింది. ఆ పాత పన్నెండింటినీ మావుసీ తన ఇంటికి తీసుకుపోయింది. ఎండలు వచ్చాక వాటిని పక్కపక్కన చేర్చి, చుట్టూ ఎర్రగుడ్డ అంచు వేసి, పెద్ద కంథా కుట్టి తెచ్చింది. మా మేనల్లుడు బోర్లాపడడం నేర్చుకున్నది దాని మీదే.