బిళ్ల కడితే టీబీయేనా?

మెడలో బిళ్లలు కట్టాయి. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు. మనిషి చిక్కిపోతున్నాడు. పైగా హెచ్‌ఐవీ. ఎవరైనా టీబీయే అనుకుంటారు. మన దగ్గర చాలాసార్లు అది నిజమే. కానీ టీబీ మందులు వాడుతున్నా జ్వరం వచ్చిపోతూనే ఉంటే? అరుదైనదే అయినా, కాజిల్‌మన్ జబ్బునూ అనుమానించాలి.

1950ల్లో బోస్టన్ వైద్యుడు బెంజమిన్ కాజిల్‌మన్ దీన్ని వివరించారు. ఆయన చూసినవి ఒక్కచోటే పెరిగే గడ్డలు, తీసేస్తే సరిపోయేది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అలా కాదు. మెడ, చంకలు, గజ్జలు... అన్నిచోట్లా గ్రంథులు వాస్తాయి. ప్లీహం పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది. దీనికి మూలం హెచ్‌హెచ్‌వీ-8 అనే మరో వైరస్. 1994లో బయటపడింది.

చిక్కేమిటంటే, ఏఆర్‌టీ మందులు సక్రమంగా వాడుతూ సీడీ4 కణాలు బాగున్నవారికీ ఇది రావొచ్చు. సూది పరీక్షలో తరచూ తేలదు. వాచిన గ్రంథిని మొత్తంగా తీసి, ఆ వైరస్ జాడ కోసం ప్రత్యేకంగా పరీక్షించాలి. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో హెచ్‌ఐవీ సంగతి దాచేస్తే, పరీక్ష చేసే డాక్టరుకు ఆ ఆలోచనే రాకపోవచ్చు!

ఒకప్పుడు ఈ జబ్బని తేలాక చాలామంది ఒకట్రెండేళ్లకు మించి బతికేవారు కాదు. రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఆ లెక్క మార్చేసింది. లండన్ వైద్యులు 2011లో వెల్లడించిన ఫలితాల్లో, ఆ మందుతో చికిత్స పొందినవారిలో రెండేళ్ల తర్వాత 94 శాతం మంది బతికే ఉన్నారు. సాధారణంగా వారానికొకటి చొప్పున నాలుగు ఇస్తారు. ఏఆర్‌టీ మాత్రం ఆపకూడదు. జబ్బు తిరగబెట్టినా, చాలామందికి అదే ఇంజెక్షన్ మళ్లీ పనిచేస్తుంది.