లైంగిక విద్య: ఎవరి పిల్లలకు, ఎవరి మాటల్లో?

పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే మా సారు "ఇది మీరే చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒక్కసారే తిప్పేశాడు. వెనక బెంచీల్లో నవ్వులు, ఆడపిల్లల వరసలో వంచిన తలలు. మాలో చాలామందికి లైంగిక విద్య అంటే ఆ తిప్పేసిన పేజీలే.

సంస్కృతి చెడిపోతుందని దీన్ని అడ్డుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 2005లో మొదలైన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటకతో సహా పలు రాష్ట్రాలు ఆపేసిందీ అందుకే. వాళ్ల సంగతి అటుంచుదాం. సమర్థించేవాళ్లతోనూ మాకు పేచీ ఉంది. "తల్లిదండ్రులు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పాలి" అంటారు. ఏ తల్లిదండ్రులు? తెల్లారకముందే నాట్లకు పోయే తల్లి, వలసపోయిన తండ్రి, ఐదో తరగతి నుంచే హాస్టల్లో పెరిగే బిడ్డ - ఈ ఇల్లు వాళ్ల లెక్కలో లేదు. ఆ బిడ్డకు అమ్మా నాన్నా వార్డెనే.

అలాగని మన వాడల్లో శరీరం గురించి మాటలే లేవా? నాట్ల దగ్గర ఆడవాళ్ల వేళాకోళాలు విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు. ఈ సిగ్గు మనకు చాలావరకు బడి నేర్పిందే. అయితే మన ఇళ్లను ఆకాశానికెత్తనక్కర్లేదు. పిల్ల పెద్దమనిషయితే ఊరందరికీ చెప్తాం, ఆ పిల్లకే ఏమీ చెప్పం. ఆ రక్తం ఎందుకొస్తుందో చెప్పకుండానే పెళ్లి మాట ఎత్తుతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. నెలసరి గురించి అది రాకముందే, తొమ్మిది పదేళ్లకే చెప్పాలి. మగపిల్లలకూ చెప్పాలి.

ఇక అసలు సంగతి. లైంగిక విద్య పుస్తకాల్లో అబ్బాయికీ అమ్మాయికీ కులం ఉండదు. మన పిల్లలకు ఉంటుంది. "వద్దు అనే హక్కు నీకుంది" అంటే సరిపోదు. దొర చేలో కూలికెళ్లే పిల్ల వద్దన్న మాటకు ఊళ్లో విలువివ్వరని, అందుకే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉందని కూడా చెప్పాలి. మగపిల్లాడికి మరో సంగతి. 2012 పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల ఇష్టాన్ని సమ్మతిగా లెక్కించదు. పదహారేళ్ల పిల్లలిద్దరూ ఇష్టపడే దగ్గరైనా కేసే. అమ్మాయిది పైకులమైతే ఆ కేసు ఎవరు పెడతారో, జువెనైల్ హోముకు ఎవరు పోతారో వేరే చెప్పాలా? 2018లో మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగింది కులాంతర పెళ్లి చేసుకున్నందుకే. ఇవన్నీ చెప్పి పిల్లల్ని బెదరగొట్టమని కాదు. ప్రేమే తప్పంటే వాళ్లు మన దగ్గర దాస్తారు, అంతే.

బిడ్డ తనకేదో జరిగిందని చెప్తే టీచరు మొదటి మాటే "అక్కడికెందుకెళ్లావ్" కాకూడదు. పోక్సో కింద తెలిసినవాళ్లెవరైనా ఫిర్యాదు చేయాల్సిందే. తన కింద పనిచేసేవాడి నేరాన్ని హాస్టల్ పరువు కోసం దాచిపెట్టిన అధిపతికి ఏడాది దాకా జైలు. 1098 అని గోడమీద రాస్తే చాలదు, పిల్ల చేతికి ఫోను అందాలి.

తల్లులు చూడ్డానికొచ్చే ఆదివారం వాళ్లతో హాస్టల్లోనే గంటసేపు కూర్చోవచ్చు. మేం ఒకచోట అలా కూర్చుంటే ఒకమ్మ అడిగింది: "నా బిడ్డకు ఏ మాటతోని చెప్పాలె? మా మాటలు బూతులంటరు, మీ బుక్కు మాటలకు నోరు తిరగది." ఆ పూటంతా గర్భాశయానికి, యోనికి వాడలో అనే మాటలు వెతకడంతోనే సరిపోయింది.