మంచం ఎక్కడ వేయాలో కమోడ్ చెబుతుంది

పాత ఫ్లాట్‌లో పెద్ద బెడ్రూమ్ బాగు చేయించుకుందాం అనుకోగానే ఇంట్లో చర్చ మంచంతో మొదలవుతుంది. కింగ్ సైజా, క్వీన్ సైజా, తల దక్షిణానికా, తూర్పుకా. రెండో రోజుకల్లా ఫోన్లో ఫొటోలు వచ్చేస్తాయి. అద్దాల గోడ వెనక షవరు, లోపలికి నడిచి వెళ్లే బట్టల గది, ఆ గది మధ్యలో ఎవరూ కూర్చోని ఒక మెత్తటి స్టూలు. ఆ ఫొటోల్లో పట్టుచీరలుండవు, బకెట్ ఉండదు, సారెలో వచ్చిన బీరువా అసలే ఉండదు. చివరికి ప్లంబర్ వచ్చి, నేల మీద మడమతో రెండుసార్లు తట్టి, "అక్కడికి లైను రాదు సార్" అంటాడు. అంతవరకూ జరిగిన చర్చంతా వృథా.

అందుకే వరస తిరగేసి ఆలోచించాలి. మంచం జరిపితే జరుగుతుంది. వార్డ్‌రోబ్‌ను కొంత ప్లై పోయినా విప్పి ఇంకో గోడకు బిగించుకోవచ్చు. కమోడ్ మాత్రం కదలదు. బలవంతాన కదిలిస్తే దాంతోపాటు కింది ఫ్లాట్ వాళ్లతో సంబంధాలు కూడా కదులుతాయి.

మాట్లాడుకోడానికి ఒక కొలత పెట్టుకుందాం. హైదరాబాద్‌లో పాతికేళ్ల కింద కట్టిన అపార్ట్‌మెంట్లలో 12 అడుగులకు 14 బెడ్రూమ్, దాన్ని ఆనుకుని 5 అడుగులకు 8 బాత్రూమ్ మామూలుగా కనిపించేవే. ఆ బాత్రూమ్ చిన్నదేం కాదు. స్నానం, టాయిలెట్ కలిసి ఉన్న గదికి 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి అడిగేది కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు. మీ దగ్గర 40 ఉన్నాయి. అయినా ఇరుకుగా ఉందంటే, చాలాసార్లు తప్పు వస్తువుల వరసలో ఉంటుంది.

ఈ బాత్రూమ్ కింద స్లాబ్ మిగతా ఇంటి స్లాబ్ కన్నా లోతులో ఉంటుంది, చాలాచోట్ల ముప్పావు అడుగు నుంచి అడుగు దాకా. సంకెన్ స్లాబ్ అంటారు. ఆ తొట్టెలో గొట్టాలు వేసి, ఇటుక ముక్కలూ సిమెంటూ నింపి, పైన టైల్స్ పరుస్తారు. మీ మురుగు గొట్టాలన్నీ ఆ తొట్టె హద్దుల్లోనే తిరగాలి. కమోడ్ నుంచి డక్ట్‌లో ఉన్న నిలువు పైపు దాకా వెళ్లే 4 అంగుళాల గొట్టానికి వాలు కావాలి. 40కి 1 చొప్పున లెక్క వేస్తే, 4 అడుగుల దూరానికి అంగుళం పైచిలుకు దిగాలి. దూరం పెరిగినా, మలుపులు పెరిగినా ఎక్కడో ఒకచోట అడ్డుపడుతుంది. పోనీ బాత్రూమ్‌ని బెడ్రూమ్ వైపు మూడడుగులు పెంచి కమోడ్ అక్కడ పెడదామా అంటే, అక్కడ తొట్టె లేదు. నేలను అరడుగు దాకా లేపాలి. రాత్రి రెండింటికి సగం కళ్లు మూసుకుని నడిచే మనిషి దారిలో అరడుగు మెట్టు కట్టడమంటే ఎముకల డాక్టరుకు అడ్వాన్సు ఇచ్చినట్టే.

కొన్ని అపార్ట్‌మెంట్లలో ఈ తొట్టె కూడా ఉండదు. గొట్టాలు స్లాబ్ కిందికి వేలాడుతుంటాయి, అంటే కింది ఇంటి బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ లోపల. మీ కమోడ్ జరగాలంటే వాళ్ల సీలింగ్ విప్పాలి. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ అడగడానికి మీకూ, కాదనడానికి వాళ్లకూ ఉండే మొహమాటాన్ని ఏ ఇంటీరియర్ డిజైనరూ కొటేషన్‌లో రాయడు. పైగా మీ బెడ్రూమ్ కింద ఉండేది వాళ్ల బెడ్రూమే. వాళ్ల మంచం మీదుగా మీ మురుగు గొట్టం పోతుందంటే అసోసియేషన్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

కాస్త స్వేచ్ఛ ఉన్నది వాష్‌బేసిన్ విషయంలో. దాని నీళ్లు సన్న గొట్టంలో పోతాయి, గోడలోంచి తీసుకెళ్లవచ్చు. కాబట్టి బాత్రూమ్ పెంచాలని గట్టిగా ఉంటే, పెంచిన భాగంలో బేసిన్, అద్దం, అలమర పెట్టుకుని, కమోడ్‌నీ స్నానాన్నీ పాత తొట్టె మీదే ఉంచండి. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు పళ్లు తోముకోవచ్చు. ఆఫీసుకు వెళ్లేవాళ్లు ఇద్దరున్న ఇంట్లో ఇటాలియన్ మార్బుల్ కన్నా ఇది విలువైనది. గోడ పడగొట్టేముందు మాత్రం అది ఉత్త అడ్డుగోడో, అందులో పిల్లర్ దాగుందో ఇంజినీరుతో చూపించుకోండి. పిల్లర్‌నూ బీమ్‌నూ చెక్కడం మేస్త్రి ధైర్యానికి వదిలేసే పని కాదు.

ఇక పెంచకుండా ఉన్న 5×8లోనే సర్దుకోవాలంటే, 8 అడుగుల గోడ వెంట మూడింటినీ వరసగా పెట్టడం మేలు. పొట్టి గోడకున్న తలుపు పక్కన బేసిన్‌కు 2 అడుగుల పైన, తర్వాత కమోడ్‌కు రెండున్నర, చివర వెంటిలేటర్ కింద స్నానానికి మూడు పైచిలుకు. పొడి నుంచి తడికి వరస అది. కమోడ్ నడిమధ్య నుంచి అటూ ఇటూ 15 అంగుళాలన్నా లేకపోతే కూర్చున్న మనిషి మోచేతులు ముడుచుకోవాల్సి వస్తుంది. కాగితం మీది 8 అడుగులు నిజంగా 8 ఉండవని కూడా గుర్తుంచుకోండి. ప్లాస్టర్, టైల్స్ కలిసి ఒక్కో గోడ దగ్గర అంగుళం, అంగుళంన్నర తినేస్తాయి. పాత టైల్స్ మీదే కొత్తవి అతికిస్తే ఇంకాస్త. కొత్త కమోడ్ కొనేముందు నేలలోని పాత గొట్టం నడిమధ్య నుంచి వెనక గోడ టైలు దాకా కొలిచి, ఆ అంకె రాసుకుని షాపుకు వెళ్లండి. ఆ అంకె లేకుండా వెళ్తే షాపువాడు తన దగ్గర స్టాకున్నదే మీకు సరిపోతుందంటాడు.

స్నానం సంగతి కాస్త విడమరిచి చెప్పుకోవాలి. అద్దాల షవర్ గది మూడడుగులకు మూడు చాలని కేటలాగ్ అంటుంది. నిలబడి షవర్ కింద తడిసి వచ్చేసే మనిషికి చాలు. మన ఇళ్లలో ఇంకా బకెట్ ఉంది, చెంబు ఉంది, ఆదివారం తలంటుకు పీట ఉంది. పీట మీద కూర్చుని, ముందు బకెట్ పెట్టుకుని, చేతులు ఆడించాలంటే మూడుకు నాలుగన్నా కావాలి. షవర్ ఎంత ఖరీదైనదైనా, దాని కింద బకెట్ పట్టే ఎత్తులో ఒక కుళాయి ఉండాలి. లేకపోతే తీరా అన్నీ అయ్యాక బకెట్‌ను హెల్త్ ఫాసెట్‌తో నింపుకుంటూ కూర్చోవాలి. కుంకుడుకాయ వాడే ఇల్లైతే నహానీ ట్రాప్ మీద జాలీ సులువుగా చేత్తో తీసి కడిగేలా ఉండాలి. టైలులో కలిసిపోయే అందమైన డ్రెయిన్లలో కొన్నిటిని పైకెత్తాలంటే ఒక ప్రత్యేకమైన కొక్కెం కావాలి. అది గృహప్రవేశం రోజునే పోతుంది.

వాలు స్నానం మూలకే ఉండాలి, తలుపు వైపు కాదు. ఇంత తేలికైన మాట ఎందుకు చెప్పాలంటే, టైల్స్ వేసేవాడు తలుపు దగ్గర నిలబడి పని ముగిస్తూ వెనక్కి వస్తాడు, చివరి వరసలో లెవెల్ తప్పేది అక్కడే. సిమెంటు ఆరకముందే ఒక చెంబు నీళ్లు తలుపు దగ్గర పోసి చూడండి. నీళ్లు ఎటు పోతాయో మేస్త్రితో వాదించక్కర్లేకుండా తెలుస్తుంది.

టైల్స్ కన్నా ముందు జరగాల్సిన పరీక్ష ఇంకొకటుంది. వాటర్‌ప్రూఫింగ్ పూత నేలంతా, గోడల మీదికి అడుగు ఎత్తున, షవర్ దగ్గర తలకన్నా ఎత్తున వేశాక, ట్రాప్ నోరు మూసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టాలి. 48 గంటలు. నీటిమట్టం దగ్గర గోడ మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. రెండు రోజులయ్యాక ఆ గీత చూసి, కిందింటికి వెళ్లి వాళ్ల సీలింగ్ చూసి రండి. ఈ రెండు రోజులూ మేస్త్రికి కూలీల ఖర్చు దండగ అనిపిస్తుంది కాబట్టి "ఏం కాదు సార్, నాది గ్యారంటీ" అంటాడు. ఏ ప్రమాణాల పుస్తకంలోనూ "ఏం కాదు సార్" అనే పరీక్ష లేదు.

తలుపు మాట చాలామందికి చివర్లో గుర్తొస్తుంది. లోపలికి తెరుచుకునే బాత్రూమ్ తలుపు వెనక మనిషి పడిపోతే, ఆ మనిషే తలుపుకు అడ్డమవుతారు. అమ్మో నాన్నో ఇంట్లో ఉంటే, లేదా మీరే ఎప్పటికైనా ముసలివాళ్లయ్యే ఉద్దేశం ఉంటే, తలుపు బయటికి తెరుచుకోనివ్వండి. స్లైడింగ్ పెట్టినా సరే. గడియ బయట నుంచి నాణెంతో తిప్పి తీయగలిగేది దొరుకుతుంది. చక్రాల కుర్చీ తిరగాలంటే మీటరున్నర వ్యాసం చోటు కావాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి, 5 అడుగుల వెడల్పులో అది కష్టమే. కనీసం కమోడ్ పక్క గోడకు పట్టుకునే కడ్డీ బిగించడానికి వీలుగా గోడ గట్టిగా ఉంచుకోండి.

బట్టల దగ్గరికి వద్దాం. లోపలికి నడిచే బట్టల గదికి ఒకవైపు అలమరకు 2 అడుగులు, నిలబడటానికి మూడు, పైన నాలుగున్నర అంగుళాల గోడ. మొత్తం 5 అడుగుల పైమాటే. 14 అడుగుల్లోంచి అది తీస్తే తొమ్మిది కూడా మిగలవు. కింగ్ సైజు మంచం పరుపే ఆరున్నర అడుగుల పొడవు, తలవైపు చెక్కతో కలిపి ఏడు. కాళ్ల దగ్గర మిగిలేది రెండడుగుల లోపు. ఇంతా చేస్తే లోపల దొరికేది 12 అడుగుల పొడవు అలమర. గోడ కట్టకుండా, మంచం ఎదుటి గోడ పొడవునా వార్డ్‌రోబ్ చేయిస్తే దొరికేదీ ఆ 12 అడుగులే. పైగా దాని ముందు 5 అడుగుల ఖాళీ మంచానికీ మీకూ ఉమ్మడిగా ఉంటుంది. గది 18 అడుగులు దాటితే బట్టల గది కట్టుకోండి. అంతకు లోపల అది గోడకు పెట్టే ఖర్చు మాత్రమే.

వార్డ్‌రోబ్‌ను బాత్రూమ్ గోడకు, ముఖ్యంగా షవర్ ఉన్న గోడకు ఆనించవద్దు. నాలుగున్నర అంగుళాల గోడలోంచి చెమ్మ మెల్లగా వస్తుంది. రెండు వర్షాకాలాల తర్వాత అడుగు అర తీస్తే వెనక ప్లై ఉబ్బి, మూలల్లో బూజు పట్టి, మడతల్లో పట్టుచీరకు గోధుమరంగు మచ్చలుంటాయి. వేరే గోడ లేకపోతే వెనక అంగుళం ఖాళీ వదిలి, ప్లై ఐఎస్ 710 రకం వాడండి. ఐఎస్ 303లోని ఎంఆర్ రకం తేమను కొంతవరకే ఓర్చుకుంటుంది, తడిని కాదు. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎలాగూ పెడతారు. తలుపు కింద అరంగుళం సందు లేకపోతే లోపలికి గాలి రాక ఆ ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది.

లోపలి అరలు గీయించే ముందు ఉన్న బట్టలన్నీ ఒకసారి మంచం మీద పోయండి. చొక్కాలు, కుర్తాలు హేంగర్లకు వెళ్తాయి. బరువైన జరీ పట్టుచీరలు వేలాడదీస్తే మడత దగ్గర చిరుగుతాయి, వాటికి మల్లు గుడ్డలో చుట్టి పెట్టే అరలు కావాలి, అరకు అరకు మధ్య అడుగు మించకుండా. ఎత్తు ఎక్కువిస్తే చీరలు గోపురంలా పేరుకుపోయి, కావాల్సింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. చుట్టాలొస్తే తప్ప దించని బొంతలకూ, ఎవరూ పారేయని, ఎవరూ వాడని పెళ్లి కానుకలకూ పైన అటక ఉంది. స్లైడింగ్ తలుపులైతే పట్టాల కోసం లోతు 26, 27 అంగుళాలకు పెంచాలి, లేకపోతే హేంగర్ చొక్కా భుజం తలుపుకు రాసుకుంటుంది. బీరువా నైరుతిలో ఉత్తరం చూస్తూ ఉండాలని పట్టుదల ఉంటే మొదటి రోజే దాన్ని ప్లానులో గీయండి. వాస్తు ఆయన దిక్కులు చెబుతారు, లోతు మీరే కొలవాలి.

మంచం చోటు ఇప్పుడు దానంతటదే తేలిపోతుంది. రెండు పక్కలా దిగే దారి రెండడుగులు ఉందా, పడుకున్నచోట నుంచి లైటు ఆర్పే టూ-వే స్విచ్ ఉందా, ఏసీ గాలి నేరుగా తల మీద పడుతోందా చూసుకుంటే చాలు. ఒక్క ఫ్యాన్‌ను మాత్రం వదిలేయకండి. వార్డ్‌రోబ్‌ను 12 అడుగుల దిక్కున ఉన్న గోడకు పెట్టారనుకోండి. గది మధ్య ఆరడుగుల దగ్గర. 48 అంగుళాల ఫ్యాన్ రెక్క అక్కడి నుంచి రెండడుగులు ఇటు వస్తుంది, నాలుగు దగ్గరికి. వార్డ్‌రోబ్ లోతు 2, అటక తలుపు వెడల్పు రెండు, కలిపితే అదే నాలుగు. తిరిగే ఫ్యానుకు అటక తలుపు తగలడానికి ఇంతకన్నా పక్కా లెక్క ఉండదు. రెక్కల సైజు తగ్గించండి, లేదా తలుపును రెండు ముక్కలు చేయించండి.

గోడలు మూయకముందు, టైల్స్ అతికించకముందు, గొట్టాలూ వైర్లూ కనిపిస్తుండగా ప్రతి గోడ దగ్గరా కొలతల టేపు పట్టి ఫొటోలు తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచుకోండి. మూడేళ్ల తర్వాత టవల్ కడ్డీ బిగించడానికి డ్రిల్ పట్టుకుని వచ్చే కుర్రాడికి ముందు ఆ ఫొటో చూపించండి.