వసంతపు సెలవుల్లో ఐరోపా

జగిత్యాల, మంచిర్యాల వైపు ఎన్నో యిళ్ళలో యీ మాట వినిపిస్తుంది: "అప్పు చేసి జర్మనీకి చదువుకు పంపితే, సెలవుల్లో పారిస్ చూస్తానంటాడేమిటి?" కన్నవారి బెంగ సహజమే. కాని సంగతి నిదానంగా ఆలోచించాలి.

జర్మనీలో శీతకాలపు పాఠాలు ఫిబ్రవరి నడుమ ముగిసి, సాధారణంగా ఏప్రిల్‌లో మళ్ళీ మొదలవుతాయి. మధ్యలో పరీక్షలు పోను మిగిలేవే యీ సెలవులు. 1985లో లక్సెంబర్గులోని షెంగెన్ గ్రామం దగ్గర ఐదు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం 1995లో అమలుకు వచ్చింది. అందుచేత జర్మనీ నివాసపు కార్డు గల విద్యార్థి పారిస్, ప్రేగ్, వియన్నాలకు వేరే వీసా లేకుండానే పోవచ్చు. 180 రోజుల్లో 90 రోజులు మించరాదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట వుండాలి. ఇంగ్లండులో చదివేవారు మాత్రం వీసా తీసుకోవలసిందే.

బస ఖర్చుకు యువజన వసతిగృహాలున్నాయి. వాటి ఆలోచన ఒక జర్మన్ బడిపంతులుది. 1909లో పిల్లలతో యాత్రకు పోయిన రిచర్డ్ షిర్మన్, గాలివానలో చిక్కి ఒక బడిలో తలదాచుకున్నప్పుడు ఆయనకు తోచినదది.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య మన నిర్మల్ మీదుగానే కాశీకి పోయినాడు. మజిలీ మజిలీకీ దారి ఎట్లా వున్నదీ, ఏమేమి దొరికేదీ వ్రాసిపెట్టాడు. అప్పు సొమ్ము ముట్టకుండా, తన సంపాదనలో మిగిల్చుకొని పోయే పిల్లవాణ్ణి ఆపకండి. ఫొటోలతోపాటు అటువంటి దినచర్య కూడా పంపమనండి. వాడేమి నేర్చుకున్నాడో మీకే తెలుస్తుంది.