తొందర లేని కసరత్తులు, తలంటు ముచ్చట్లు: మీకు తెలుసా?

వ్యాయామమంటే ఆయాసం రావాలి, చెమట కారాలి అని చాలామంది లెక్క. ఒళ్ళు హూనమవకపోతే చేసినట్టే కాదనుకుంటారు. కానీ మెల్లగా వంగడం, ఊపిరిని గమనించుకోవడం, ఒంటికి నూనె రాసుకుని కాసేపు ఊరుకోవడం లాంటి పనులనే నమ్ముకున్న సంప్రదాయాలు మన దగ్గరా ఉన్నాయి, బయటి దేశాల్లోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని మనం అనుకున్నంత పాతవి కావు. కొన్ని మన ఊహకు అందనంత పాతవి. కొన్నిటిని పరిశోధకులు కొలిచి కూడా చూశారు.

1. యోగసూత్రాల్లో ఆసనాల వాటా మూడే

పతంజలి యోగసూత్రాలు మొత్తం 196 (కొన్ని ప్రతుల్లో 195). అందులో ఆసనం గురించి చెప్పినవి మూడే మూడు. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి పేర్లు ఎక్కడా కనబడవు. కదలకుండా, హాయిగా కూర్చోగలగాలి, కూర్చోవడానికి పడే తంటా కూడా సడలిపోవాలి అన్నదే వాటి సారాంశం. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు 15. వాటిలోనూ ఎక్కువ భాగం కూర్చుని వేసేవే. అలసట తీర్చే శవాసనం ఆ పదిహేనింటిలో ఒకటి. కాబట్టి యోగా క్లాసు చివర్లో చాప మీద వెల్లకిలా పడుకోమన్నప్పుడు, పనైపోయిందని చాప చుట్టేసి బయల్దేరకండి. పాఠం ఇంకా నడుస్తున్నట్టే.

2. సూర్యనమస్కారాలను ఊరూరా తిప్పింది ఒక రాజు

సూర్యుడికి మొక్కడం మనకు అనాదిగా ఉన్నదే. రథసప్తమి నాడు ఏడు జిల్లేడాకులు తల మీద, భుజాల మీద పెట్టుకుని స్నానం చేస్తాం. ఆ తెల్లవారుజామున అరసవల్లి సూర్యుడి గుడి ముందు జనం బారులు తీరతారు. అయితే వంగుతూ లేస్తూ చేసే నమస్కారాల వరుసను అందరూ రోజూ చేయాల్సిన వ్యాయామంగా ప్రచారం చేసినవాడు ఇప్పటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి. 1920ల్లో తన సంస్థానంలోని బడుల్లో పిల్లల చేత చేయించాడు, పుస్తకం రాశాడు, తానూ రోజూ చేసేవాడు. ఈ రోజు ప్రపంచమంతా చేస్తున్న వరుసకు ఊపు వచ్చింది ఆ ప్రచారంతోనే.

3. పట్టుగుడ్డ మీద 44 మంది కసరత్తు

చైనాలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట 1973లో ఒక పురాతన సమాధిని తవ్వారు. అది క్రీస్తు పూర్వం 168లో మూసిన సమాధి. లోపల దొరికిన ఒక పట్టుగుడ్డ మీద 44 మనుషుల బొమ్మలున్నాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, పడుచువాళ్ళు. ఒకరు చేతులు చాపి వంగుతున్నారు, ఒకరు కర్ర పట్టుకుని ఒళ్ళు తిప్పుతున్నారు, కొందరు జంతువులను, పక్షులను అనుకరిస్తున్నారు. కొన్ని బొమ్మల పక్కన ఏ బాధకు ఏ కదలికో రాసి ఉంది. అందులో మోకాళ్ళ నొప్పి కూడా ఉంది! అంటే 2,200 ఏళ్ళ నాటికే మోకాళ్ళ నొప్పి ఉంది, దానికో కసరత్తు పటమూ ఉంది.

4. తాయ్ చీ పాతదే, పార్కులో కనబడే వరుస మాత్రం 1956 నాటిది

పార్కుల్లో పెద్దవాళ్ళు నీళ్ళలో కదిలినట్టు మెల్లగా చేతులు తిప్పుతూ కనబడతారే, అదే తాయ్ చీ. దాని మూలాలు 17వ శతాబ్దంలో హెనాన్ ప్రాంతంలోని చెన్ కుటుంబం వారి యుద్ధవిద్యలో ఉన్నాయి. పాత వరుసలు నేర్చుకోవాలంటే చాలా కాలం పట్టేది. అందుకని 1956లో చైనా క్రీడా శాఖ 24 కదలికలతో ఒక చిన్న వరుస తయారు చేయించింది. మొత్తం చేయడానికి ఐదారు నిమిషాలు చాలు. 2020లో యునెస్కో తాయ్ చీని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన యోగాకు 2016లోనే ఆ చోటు దక్కింది.

ఇంత మెల్లగా కదిలితే ఏం ఒరుగుతుందనే అనుమానం సహజం. అమెరికాలో తూలి పడిపోయే ముప్పున్న 670 మంది వృద్ధులతో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారి కంటే తాయ్ చీ ఆధారంగా రూపొందించిన శిక్షణ పొందినవారు పడిపోవడం 58 శాతం తగ్గింది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువును ఆచితూచి మార్చడమే ఇందులోని కిటుకు. అరవై దాటాక తుంటి ఎముక విరిగితే ఇంటిల్లిపాదీ ఎంత అవస్థ పడాలో చూసినవాళ్ళకు ఈ అంకె విలువ వేరే చెప్పనక్కర్లేదు.

5. పదివేల అడుగుల లెక్క ఒక పరికరం పేరులోంచి వచ్చింది

రోజుకు పదివేల అడుగులు వేయాలన్న నియమాన్ని ఏ డాక్టర్ల సంఘమూ పెట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లోని ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని మార్కెట్లోకి తెచ్చి దానికి ‘పదివేల అడుగుల మీటర్’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ లెక్కే ఇప్పుడు మన ఫోన్లలోకి, చేతి గడియారాల్లోకి ఎక్కి కూర్చుంది. 2019లో అమెరికా పరిశోధకులు సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది మహిళల నడకను లెక్కగట్టారు. రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. సుమారు 7,500 దాటాక అదనపు లాభమేమీ కనబడలేదు. రాత్రి పదింటికి లెక్క పూర్తి కాలేదని హాల్లో గిరగిరా తిరిగే పెద్దవాళ్ళు ఇక నిశ్చింతగా పడుకోవచ్చు.

6. దేశం మొత్తానికి పొద్దున్నే రేడియో డ్రిల్లు

జపాన్‌లో 1928 నుంచి రేడియోలో ‘రేడియో తైసో’ అనే వ్యాయామ కార్యక్రమం వస్తోంది. ఆలోచన అమెరికాలోని ఒక జీవిత బీమా కంపెనీ రేడియో కార్యక్రమం నుంచి తీసుకున్నారు. ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నాళ్ళు ఆగి, 1951లో కొత్త రూపంలో మళ్ళీ మొదలైంది. పియానో సంగీతం, 13 కదలికలు, మూడు నిమిషాలకు కాస్త పైన. వేసవి సెలవుల్లో పిల్లలు పొద్దున్నే మైదానానికి వచ్చి డ్రిల్లు చేస్తే కార్డు మీద ముద్ర వేస్తారు.

నలుగురూ కలిసి ఒకే తాళానికి కదలడంలోని హుషారు మనకూ తెలుసు. తెలంగాణలో బతుకమ్మ ఆడేవాళ్ళను చూడండి: వలయంగా ఓ అడుగు, నడుం వంచి ఓ చప్పట, లేచి ఇంకో అడుగు. గంటల కొద్దీ సాగినా వ్యాయామం చేశామని ఎవరూ అనుకోరు.

7. పసిబిడ్డ నూనె మర్దనాను శాస్త్రజ్ఞులు కొలిచారు

పసిపిల్లలకు నీళ్ళు పోయడం చేయి తిరిగినవాళ్ళు చేసే పని. పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపుతుంది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, గోరువెచ్చని నూనెతో వీపు మీద నుంచి కిందికి నిమురుతుంది. వెల్లకిలా తిప్పి, కుడిచేతినీ ఎడమకాలినీ అడ్డంగా కలిపి విప్పుతుంది, తర్వాత రెండో జత. బిడ్డ మొదట కెవ్వుమంటుంది, మూడో చెంబు పడేసరికి ఊరుకుంటుంది. ఒళ్ళు తుడిచి సాంబ్రాణి పొగ చూపించేలోపే కళ్ళు మూతలు పడతాయి.

2000వ సంవత్సరంలో మన దేశంలోని వైద్య పరిశోధకులు ఆరు వారాల వయసున్న 125 మంది శిశువులతో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగు వారాల పాటు రకరకాల నూనెలతో మర్దనా చేయించి, ఏ మర్దనా లేని పిల్లలతో పోల్చారు. ఎదుగుదలలో నువ్వుల నూనెకు మంచి ఫలితం వచ్చింది. మర్దనా తర్వాత నిద్ర కూడా మెరుగైంది. అమ్మమ్మలు మార్చుకోవాల్సిన అలవాటు మాత్రం ఒకటుంది: చెవిలో, ముక్కులో నూనె చుక్కలు వేయడం. అవి వద్దే వద్దంటారు పిల్లల డాక్టర్లు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే మర్దనా మొదలుపెట్టే ముందే డాక్టర్ని అడగాలి.

8. ఒంటికి నూనె రోజూ అన్నారు, మనం పండక్కి కుదించాం

నరక చతుర్దశికి, భోగికి, ఉగాదికి తలంటు తప్పదు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం మాత్రం అభ్యంగనాన్ని దినచర్యలోనే చేర్చింది. రోజూ ఒళ్ళంతా కుదరనివాళ్ళు గుర్తుపెట్టుకోవడానికన్నట్టు తల, చెవులు, పాదాలు ముఖ్యమని ప్రత్యేకంగా చెప్పింది. కఫం పెరిగినప్పుడు, అజీర్ణంగా ఉన్నప్పుడు వద్దని కూడా అదే గ్రంథం హెచ్చరించింది.

నూనె తర్వాత నలుగు. సున్నిపిండికి పెసలో, మినుములో, శనగలో దోరగా వేయించి, పసుపు, కచ్చూరాలు, బావంచాలు కలిపి కాస్త బరకగా విసురుతారు. ఆ బరకదనమే అసలు పని చేసేది. పిండి నూనెను పీల్చుకుంటుంది, రుద్దుతుంటే మట్టి ఉండలు ఉండలుగా రాలుతుంది. తలకు కుంకుళ్ళు. చితక్కొట్టి, గింజలు తీసేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిసికితే నురుగు పొంగుతుంది. ఆ నురుగుకు కారణం కాయలోని సపోనిన్లు. అవి జిడ్డునూ నీటినీ కలిపి కడిగేస్తాయి. రసం కంట్లో పడితే భగ్గుమంటుంది కాబట్టి, ఏడ్చే పిల్లల నోట్లో ఉప్పు బెడ్డ వేసేవారు. మంట తగ్గేదో లేదో గానీ ధ్యాస మళ్ళేది.

9. ఇంగ్లండ్ రాజులకు మర్దనా రుచి చూపింది పట్నావాడు

పట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండ్‌లో స్థిరపడి, 1810లో లండన్‌లో భారతీయ భోజనశాల తెరిచి నష్టపోయాడు. తర్వాత సముద్రతీర పట్టణం బ్రైటన్‌లో స్నానశాల పెట్టాడు. మూలికల ఆవిరి పట్టించి, ఆపైన మన పద్ధతిలో ఒళ్ళు పట్టడం అక్కడి ప్రత్యేకత. కీళ్ళ నొప్పులవాళ్ళు ఎగబడ్డారు. నాలుగో జార్జి, నాలుగో విలియం ఇద్దరూ ఆయన్ను ఆస్థానంలో నియమించుకున్నారు.

10. జపం చేస్తే ఊపిరి నిమిషానికి ఆరు

మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 23 మంది చేత ఒకసారి క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో, మరోసారి బౌద్ధుల మంత్రం చదివించారు. రెండు సందర్భాల్లోనూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు దిగింది, రక్తపోటును సర్దే నాడీవ్యవస్థ స్పందన మెరుగుపడింది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది అచ్చయింది. మతం ఏదైనా, ఒక్కో ఆవృత్తి పట్టే సమయం దాదాపు పది సెకన్లు కావడమే ఇక్కడి రహస్యం.

11. తుమ్మెద రొదకు ముక్కు స్పందిస్తుంది

భ్రామరీ ప్రాణాయామంలో పెదాలు మూసి తుమ్మెదలా ‘మ్’ అని రొద చేస్తాం. మన ముక్కు పక్కనున్న సైనస్ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్కగడితే, మామూలుగా ఊపిరి వదిలినప్పటి కంటే రొద చేస్తూ వదిలినప్పుడు ముక్కులోంచి ఆ వాయువు 15 రెట్లు ఎక్కువగా వచ్చింది. రొదలోని కంపనం సైనస్ గదుల్లోని గాలిని కదిలించి బయటికి పంపుతుందన్నమాట.

12. జలనేతికి కుళాయి నీళ్ళు పనికిరావు

ముక్కులో ఒక రంధ్రం నుంచి ఉప్పునీరు పోసి రెండో రంధ్రం నుంచి వదిలే జలనేతి పాత యోగక్రియే. కానీ 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ఇలా చేసుకున్న ఇద్దరు మెదడుకు సోకే అమీబా వల్ల చనిపోయారు. తాగితే హాని చేయని ఆ క్రిమి ముక్కు గుండా వెళ్తేనే ప్రమాదం. నీళ్ళు బాగా మరగకాచి, చల్లార్చి వాడాలి. సంప్రదాయమైనా సరే, శుభ్రత విషయంలో మినహాయింపు లేదు.

13. బాసింపట్టు వేసి లేవగలరా?

బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ళ వయసున్న 2,002 మందికి ఒక చిన్న పరీక్ష పెట్టింది. నేల మీద కూర్చోవాలి, లేవాలి. మొత్తం పది మార్కులు. చెయ్యి, మోకాలు, ముంజెయ్యి ఏది ఆనించినా ఒక్కోదానికి ఒక మార్కు కోత, తూలితే అర మార్కు. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం, 8 నుంచి 10 తెచ్చుకున్నవారితో పోలిస్తే 3 లోపే ఆగిపోయినవారిలో తర్వాతి కొన్నేళ్ళలో మరణాలు ఐదు రెట్లు పైగా ఎక్కువ. కింద కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. కాళ్ళ బలం, కీళ్ళ వంపు, ఒంటి నిలకడ మూడూ ఆ ఒక్క కదలికలో బయటపడతాయి.

వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసే గుంజిళ్ళూ ఇలాగే తొడలకు పనిచెబుతాయి. వాటితో తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి మాత్రం గట్టి రుజువు లేదు. భోజనాల బల్ల వచ్చాక మనం పోగొట్టుకున్నది రోజుకు రెండు మూడు సార్లు నేల మీదికి దిగి లేచే అవకాశం. మోకాళ్ళు సహకరించేవాళ్ళు వారానికి కొన్ని పూటలైనా పీట వాల్చుకుని తినొచ్చు. మోకాళ్ళు మొరాయించేవాళ్ళు పంతానికి పోకుండా, కుర్చీ లోంచి చేతులు ఆనించకుండా లేవడంతో మొదలుపెట్టవచ్చు. ఖర్చు లేదు, వేరే దుస్తులు అక్కర్లేదు. ఇవాళ్టి భోజనం వేళకే మొదలుపెట్టవచ్చు.